పాటల పెట్టెయు, కొండపాటయు

పూర్వము సంగీతము మన యిండ్లకు రావలెనన్న దానికొక పీట వేయవలసి యుండెను. గ్రామఫోను బల్లనెక్కి కూర్చుండెను. రేడియో గోడకు కొట్టిన పలకమీద, ఇంటి ఆడపిల్లలు అల్లిన లేసుగుడ్డ కప్పుకొని పెద్దమనిషివలె నుండెను. టేపురికార్డరును అంతియే. ఇప్పుడట్లు కాదు. పాట చేతిలోని ఫోనునందును, వంటయింటి గూటిలోని పిడికెడు స్పీకరునందును ఉన్నట్లు తోచును గాని, నిజమునకు రెంటియందును లేదు. ఎక్కడనో పెద్ద కంప్యూటరుశాలలో దాచియుంచిన పాట, మనము కోరినంతనే ఇంటర్నెట్టు దారిని కొంచెము కొంచెముగా ప్రవహించి వచ్చి, మ్రోగి, పోవును. స్ట్రీమింగనుట దీనికే. మన దేశమున మాట వినెడి స్పీకర్లలో అమెజాను వారి ఎకో 2017లోను, గూగుల్ హోమ్ 2018లోను అమ్మకమునకు వచ్చినవి. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలోను, యూట్యూబ్ మ్యూజిక్ మరుసటి నెలలోను ప్రవేశించినవి. అంతకు ముందే స్వదేశపు సేవలును కొన్ని యున్నవి.

అరకులోయవంటి కొండప్రదేశమున ఈ పెట్టెతో కాపురము చేయుట యెట్లుండునో, దానివలన మాకు కలిగిన యాలోచనలెట్టివో సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొట్టమొదట గృహిణి గ్రహింపవలసిన సంగతి యొకటి గలదు. ఫోనులో పాట నెంచి స్పీకరునకు పంపినప్పుడు, అది ఫోనునుండియే స్పీకరునకు పోవుచున్నదని చాలమంది యనుకొందురు. ఈ సేవలలో సాధారణముగా నట్లు జరుగదు. ఫోను ఉత్తరువు మాత్రమే యిచ్చును. స్పీకరు తానే వైఫై ద్వారమున పాటను తెచ్చుకొనును. అందుచేతనే ఫోనును మూసి పెరటిలోనికి పోయినను పాట ఆగదు. అందుచేతనే వానకు తీగ తెగి ఇంటి వైఫై పోయినదా, ఫోనులో సిగ్నలు నిండుగా నున్నను స్పీకరు నోరు మెదపదు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న మా లోయలో శ్రావణ భాద్రపదములందు కరెంటును వైఫైయును ఒకదానికొకటి తోడుగా పోవుచుండును. కావున కావలసిన పాటలను ముందుగనే ఫోనులోనికి డౌన్‌లోడు చేసికొని, బ్లూటూత్ గల స్పీకరునకు కలుపుకొనుట మేలు. బ్లూటూతులో పాట నిజముగా ఫోనునుండియే పోవును, ఇంటర్నెట్టుతో పనిలేదు.

ఐతే ఈ సేవలలో డౌన్‌లోడు చేసిన పాట కొన్నపాట కాదు. స్పాటిఫైవారు ముప్పది దినములకొకమారైనను ఫోనును ఇంటర్నెట్టుకు కలుపవలెనని నిబంధన పెట్టిరి; చందా మానినచో ఆ పాటలు డౌన్‌లోడులో మిగులవు. ఈ సంగతి చెప్పగా మా అత్తగారు, "అయితే పెండ్లికి అరువు తెచ్చిన కాసులపేరన్నమాట" అనిరి. అంతకంటె స్పష్టముగా మేము చెప్పలేము.

డేటా సంగతియు కొంత చెప్పవలెను. ఆ సేవలోనే సామాన్యపు నాణ్యత సెకనుకు 96 కిలోబిట్లు. హెచ్చు నాణ్యతలలో నొకటి 320. నాలుగు నిమిషముల పాటకు మొదటి విధమున సుమారు 3 ఎం.బి. పట్టును; రెండవ విధమున 10 ఎం.బి.కి దగ్గరగా పట్టును. వంటయింట పోపు చిటపటలాడుచుండగా ఈ భేదము మా చెవికి తెలియలేదు. విశాఖపట్టణమునుండి అరకు మీదుగా కిరండూలు పోవు రైలుమార్గమున ఏబదికి పైగా సొరంగములు కలవు. అందు ప్రయాణము చేయువారు డౌన్‌లోడు చేసికొనని పాటను నమ్ముకొన్నచో పల్లవి ఒక కొండకు ఇవతలను, చరణము ఇంకొక కొండకు అవతలను వినవలసివచ్చును.

ఇక ఖాతా సంగతి. ఉదయము దీపము పెట్టి మా అత్తగారు త్యాగరాజకీర్తన వినుచుండగా అది నడుమ నడుమ నిలిచిపోవుచుండెను. పెట్టెకు జబ్బు చేసినదని ఆమె తలచిరి. ఏమనగా, మా యింట ఖాతా యొక్కటి. మా వారు పాడేరు పోవు తొలిబస్సులో కూర్చుండి తమ ఫోనులో పాట పెట్టగనే వంటయింటిలోని కీర్తన ఆగును. ఒక్కరి చందా ఒక్కచోటికే. తల్లి పాటను కుమారుడు నలుబది కిలోమీటర్ల దూరమునుండి ఆపుచున్నాడని ఆయనకును తెలియదు, ఆమెకును తెలియదు. ఇట్టి చిక్కునకే ఒకే యింట నుండు పలువురికి వేఱువేఱు ఖాతాలిచ్చు కుటుంబపు చందాలు కలవు. మేమును అట్టిదానికి మారితిమి.

మారుటకు ఇంకొక కారణమును గలదు. పూర్వపు ఖాతా మా వారి పేర నుండెను. రుసుము ఆయన బ్యాంకునుండి పోవుచుండెను. పాస్‌వర్డు ఆయన జ్ఞాపకముననే యుండెను. స్పీకరు మాత్రము వంటయింట నుండెను, వినువారము మేము. మనము విన్నదానినిబట్టి యంత్రము మన రుచి నూహించి క్రొత్తపాటలు చూపును గదా. దాని లెక్కలో మా యింట నున్నది ఒక్క పురుషుడు. అతడు ఉషఃకాలమున త్యాగరాజకృతులు వినును, మధ్యాహ్నము ఘంటసాలగారి పాటలు వినును, సాయంకాలము ఇంగ్లీషు అక్షరమాల పాట పదునాలుగు మారులు వినును. అట్టి విచిత్రపురుషునికి ఏ పాట నచ్చునో తోచక ఆ యంత్రము పడిన తిప్పలు చూచి మేము నవ్వుకొంటిమి. నవ్వుటకేమిగాని, వినునది స్త్రీలైనప్పుడు ఖాతాయు వారి పేరనే యుండుట న్యాయమని మా యభిప్రాయము. ఇది చిన్న విషయమని కొట్టివేయరాదు. మనకేమి యిష్టమో ఇంటిలో ఒక్క యంత్రమైనను మన పేర వ్రాసికొనుట చిన్న విషయము కాదు.

ఇంతవఱకు వ్రాసినది ఎచ్చటి గృహిణికైనను చెల్లును. మా లోయకే చెల్లు సంగతి యిది.

మా పెట్టె హిందీని, ఇంగ్లీషును చక్కగా గ్రహించును. తెలుగుపాట పేరు చెప్పిన ఒకప్పుడు పోల్చుకొనును, ఒకప్పుడు లేదు. డెబ్బదినాలుగేండ్ల మా అత్తగారు దీనికొఱకే 'ప్లే', 'స్టాప్' అను రెండు మాటలు నేర్చిరి. తెలుగువారమగు మా గతియే యిట్లున్నది. ఈ లోయలోనో, కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, బగతలు, వాల్మీకులు, కోటియాలు కలరు. వారి భాషలు పలువిధములు. గదబ యను నొక్క పేరు క్రిందనే రెండు కుటుంబముల భాషలు కలవు: గుతోబు ముండాభాష, ఒల్లారి మన ద్రావిడభాష. తెగలవారు తమలో తాము మాటలాడుకొనుటకు ఆదివాసీ ఒడియా వాడుదురు.

మా యింటికి రాజ్మాగింజలు, వలిసెలు తెచ్చియిచ్చు గదబ పెద్దావిడ యొకతె గలదు. గుతోబు ఆమెకు తల్లిభాష. ఆశ్రమపాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు మనుమరాలితో ఒకనాడు వచ్చి, గూటిలోని పెట్టె పాడుట చాలసేపు చూచి, "అమ్మా, దీనికి అన్ని పాటలూ వచ్చునా?" అని అడిగెను. చాలవఱకు వచ్చునంటిమి. "మా యమ్మ నన్ను ఊపిన పాట వచ్చునేమో అడుగు" అనెను. మనుమరాలు సిగ్గుపడుచునే ఇంగ్లీషులో అడిగెను. పెట్టె వెంటనే ఒక ఇంగ్లీషు జోలపాట నెత్తుకొనెను. పెద్దావిడ తల వంచి శ్రద్ధగా విని, "పాపం, దీని తల్లి వేరే" అని నవ్వెను. మనుమరాలు నవ్వలేదు. ఆ పాట యెట్లుండునని మేమడుగగా, తనకు తెలియదనెను.

ఆ రాత్రి మేము ఫోనులో చాలసేపు వెదకితిమి. ధింసా యని వ్రాసిన యూట్యూబులో లెక్కలేనన్ని వచ్చును: పర్యాటకుల యెదుట వేదికలపై ఆడినవి, సినిమాబాణీలు చేర్చినవి, పెండ్లి ఊరేగింపులకై డీజేలు మార్చినవి. కొండయూళ్ళ యువకులే ఆదివాసీ ఒడియాలో పాడి పెట్టినవియు కలవు. అవి చూచి సంతోషించితిమి. గుతోబు జోలపాట మాత్రము మాకు దొరకలేదు.

దొరకకుండుటలో వింత లేదు. యూట్యూబులో ఎవరైనను పెట్టవచ్చును గాని, స్పాటిఫైవంటి సేవకు పాటను గాయకుడు నేరుగా ఈయరాదు. పంపిణీదారుని ద్వారమున పోవలెను. పాటతోకూడ దాని పేరు, పాడినవారు, వ్రాసినవారు తెలుపవలెను. ఊరంతయు తరతరములుగా కట్టిన పాటకు వ్రాసినవారెవరని చెప్పుదురు? పేరులేని పాటకు పేరేమని పెట్టుదురు? ఇంతయు జరిగినదే యనుకొందము. 2024వ సంవత్సరమునుండి స్పాటిఫైలో అమలగుచున్న నియమముచొప్పున, పండ్రెండు నెలలలో వేయిమారులైనను వినబడని పాటకు ప్రతిఫలము లేదు. సినిమాపాటకు వేయి యనగా ఒక గడియ కాలము. మూడువందల మంది గల కొండపల్లె జోలపాటకు వేయి యెక్కడినుండి వచ్చును?

మా ప్రాంతమున చైత్రమాసపు ఇటుకల పండుగ దినములలో మగవారు వేటకు పోగా, స్త్రీలు దారికడ్డముగా నిలిచి, ఆడి పాడి, వచ్చుపోవువారిని డబ్బడుగుదురు. కార్లలో వచ్చువారు కొందఱు విసుగుకొందురు. ఆ కార్లలో స్పీకర్లు మ్రోగుచునే యుండును. పాడినవారి చేతిలో విన్నవారు అప్పటికప్పుడే పదిరూపాయలు పెట్టు ఆ యేర్పాటు, లెక్కకు చూచిన, పెట్టెవారి యేర్పాటుకంటె మాకు బాగుగా తోచినది.

కొండభాషలను పట్టించుకొన్న తెలుగువారు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని ఇట్టి గ్రాంథికమున తలచుట వింతయే గాని, తలపకుండుట అంతకంటె తప్పు. కొండదొరల కూబిభాషను గూర్చి భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథము 1969లో వచ్చినది. వారు విన్న ప్రతి పలుకును చేతితో వ్రాసికొనవలసి యుండెను. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, 2023 జూన్‌లో ఒక్కనాడే పెక్కు సెల్‌టవర్లు ప్రారంభమైన తరువాత, లోపలి పల్లెలలోను ఫోనులు మ్రోగుచున్నవి. మనుమరాలికిని ఒక పాత ఫోను కలదు. పాటను పట్టుటకు టవరైనను అక్కఱలేదు. రికార్డరు ఫోనులోనే యున్నది.

ఆమెయు మేమును కలిసి ఆ పని చేసితిమి. రేకులకప్పుపై వాన పడునప్పుడు చేసిన పని చెడును గనుక వాన వెలిసిన మధ్యాహ్నమున మొదలుపెట్టితిమి. కాల్ వచ్చి పాట తెగకుండ ఫోనును ఏరోప్లేన్ మోడులో నుంచి, జానెడు దూరమున మడతపెట్టిన దుప్పటిపై పెట్టితిమి. పాటకు ముందు మనుమరాలు భాష పేరు, తేది, ఎప్పుడు పాడుదురో చెప్పెను. పెద్దావిడ మొదట గొంతు పెగలదనెను. తరువాత ఒడిలో తలగడ నొకటి పెట్టుకొని దానిని ఊపుచు పాడెను. చేతిలో నేదియు లేక జోల రాదట.

మూడు పాటలు పాడెను. ఇంటర్నెట్టులో పెట్టవచ్చునా యని అడుగగా, పెట్టిన ఎవరు విందురో, వినకుండ ఆపుట సాధ్యమా యని ఆమె మమ్మే తిరిగి ప్రశ్నించెను. ఆపలేమని చెప్పితిమి. ఆమె కొంతసేపాలోచించి, నాట్ల పాటను, పెండ్లిపాటను ఎవరికైనను వినిపింపవచ్చుననెను. జోలపాట మాత్రము మనుమరాలిదే. "అది అమ్మినది కాదు, పంచినది కాదు, కడుపున పుట్టినవాళ్ళకు పాడింది" అనెను. కావున దానిని మా ఫోనునుండి ఆమె చూచుచుండగనే చెరిపివేసితిమి. పిల్ల ఫోనులో మాత్రమే యున్నది. నాట్ల పాటను ఒకనాడు బ్లూటూత్ మీద మా స్పీకరులో వినిపించితిమి. పెద్దావిడ తన గొంతు తానే విని, నోటికి కొంగడ్డము పెట్టుకొనెను. మా అత్తగారు ఇంకొకమారు పెట్టుమనిరి.

మనుమరాలి పాఠశాల వసతిగృహమున ఫోనులు ఉంచుకొననీయరు. కావున దసరా సెలవులలోగా జోలపాటను నోటికి నేర్చుకొని పోవలెనని ఆ పిల్ల పట్టుపట్టినది. మొన్న చింతపండు తెచ్చినప్పుడు పెద్దావిడ చెప్పినదానిని బట్టి, రెండు చరణములు వచ్చినవట. మూడవదానిలో ఒక మాట నాలుక తిరుగక ప్రొద్దుట నీళ్ళకు పోవునప్పుడెల్ల దానినే పలుకుచున్నదట.