డోలు ఆగుతుంది

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకునేది స్పీకరులోంచి వచ్చే పాటకి. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల్లో చాలామందిది ఇదే పద్ధతి. టీచరుగారు కర్రతో తాళం వేస్తూ, జతులు చెబుతూ అడుగులు నేర్పుతారు. అంశం మొత్తం పట్టుబడ్డాక ఫోనులో పాట పెడతారు. మృదంగం, వయొలిన్ వాళ్ళు కళ్ళబడేది రంగప్రవేశం నాడే. అందులో లోటేదో ఉందని నాకెప్పుడూ తోచలేదు. ఓక్లాండులో పశ్చిమ ఆఫ్రికా నృత్యం నేర్పే తరగతులకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాకే ఆ స్పీకరు నా కంట్లో పడింది.

ఓక్లాండు నడిబొడ్డున ఆలిస్ స్ట్రీట్‌లో మలోంగా కాస్కెలూర్డ్ సెంటర్ అనే పాత భవనం ఉంది. కాంగో నుంచి వచ్చి అక్కడ ఏళ్ళ తరబడి నాట్యం నేర్పినాయన పేరది. సెనెగల్‌కు చెందిన జకారియా దియూఫ్ 1975లో స్థాపించిన దియమానో కూరా బృందానికి అదే నెలవు. ఈ ఊళ్ళోనే కాదు, ఫిలడెల్ఫియాలో, వాషింగ్టన్‌లో కూడా ఇలాంటి బళ్ళున్నాయి. చిన్నపిల్లలు, హైస్కూలు వాళ్ళు, అప్పుడప్పుడూ వాళ్ళ అమ్మమ్మలూ వస్తారు. నేర్పే పెద్దల్ని పిల్లలు 'బాబా' అనో 'మామా' అనో పేరుకు ముందు చేర్చి పిలుస్తారు. ఒట్టి పేరు పెట్టి పిలిస్తే పక్కనున్న పెద్దపిల్లలే సరిదిద్దుతారు.

హాలుకు ఒక చివర వాద్యాలవాళ్ళు కూర్చుంటారు. రెండో చివర నుంచి పిల్లలు ముగ్గురేసి, నలుగురేసి వరస కట్టి ఆడుతూ డోళ్ళ మీదికే వస్తారు. జెంబే అంటే ఒకే మొద్దును పానపాత్ర ఆకారంలో తొలిచి మేకతోలు బిగించిన వాద్యం. దాన్ని ఉత్త చేతులతో వాయిస్తారు. అరచెయ్యి ఎక్కడ పడింది, వేళ్ళు కలిసి పడ్డాయా విడిగా పడ్డాయా అన్నదాన్ని బట్టి మూడు నాదాలు పలుకుతుంది. దాని వెనక పుల్లలతో వాయించే మూడు డునున్‌లుంటాయి. చిన్నది కెంకెని, నడిమిది సాంగ్‌బాన్, పెద్దది డునున్‌బా. ఒక్కోదాన్ని విడిగా వింటే పని తెలియని వాడెవడో కొడుతున్నట్టుంటుంది. మూడూ అల్లుకున్నాకగాని అందులో పాట ఉందని తెలియదు.

అడుగు మార్చమని అక్కడ ఎవరూ నోటితో చెప్పరు. ముందు జెంబే వాయించేవాడు ఒక చిన్న వరస విసురుతాడు. దాన్ని బ్రేక్ అంటారు. అది చెవిన పడగానే అందరి ఒళ్ళూ ఒక్కసారి మలుపు తిరగాలి. కాబట్టి పిల్లలు అంకెలు లెక్కపెట్టడం మానేసి వినడం మొదలుపెడతారు. నేను ఎక్కువసేపు చూసింది మాత్రం పిల్లల్ని కాదు, ఆ జెంబే ఆయన్ని. ఆయన కళ్ళు డోలు మీద ఉండవు, వచ్చే కాళ్ళ మీద ఉంటాయి. ఆరేళ్ళ పిల్ల ఒకతె వరస తప్పి తడబడింది. బ్రేక్ వేయాల్సిన చోట ఆయన వేయలేదు. అదే వరసను ఇంకో రెండు చుట్లు తిప్పాడు. ఆ పిల్ల కాలు కుదురుకున్నాక అప్పుడు వేశాడు. తను తప్పినట్టు ఆ పిల్లకు తెలియనైనా తెలియదు. మా ఇంట్లో అయితే పాట వెళ్ళిపోతుంది, పిల్ల దాని వెంట పరుగెత్తుతుంది.

ఇదంతా తాతల నాటి నుంచి చెక్కుచెదరకుండా వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. 1739లో స్టోనో దగ్గర బానిసల తిరుగుబాటు జరిగాక, 1740లో సౌత్ కరోలినా వలసరాజ్యం బానిసలు డోళ్ళు వాయించడాన్ని చట్టం పెట్టి నిషేధించింది. తెగిన దారాన్ని రెండు వందల ఏళ్ళ తరవాత అతుక్కోవాల్సి వచ్చింది, అదీ ఎక్కువగా రంగస్థలం మీది నుంచే. గినీ కవి ఫొదేబా కెయిటా 1950ల మొదట్లో పారిస్‌లో 'లే బాలే ఆఫ్రికెన్' అనే బృందాన్ని కట్టాడు. 1958లో గినీ స్వతంత్రమయ్యాక అది జాతీయ బృందమైంది. తరవాత ఆయన మంత్రీ అయ్యాడు, తను కొలిచిన ప్రభుత్వమే 1969లో చంపించింది కూడా. ఆ బృందంలో జెంబే వాయించిన లాజీ కమారా న్యూయార్కులో స్థిరపడి ఎందరికో నేర్పాడు. నైజీరియా నుంచి చదువుకోసం వచ్చిన బాబాతుండే ఒలాతుంజీ హార్లెమ్‌లో 125వ వీధిలో బడి పెట్టాడు. జాజ్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ దానికి అండగా నిలిచాడు. 1967 ఏప్రిల్‌లో, చనిపోవడానికి మూడు నెలల ముందు, అక్కడే కచేరీ చేశాడు కూడా.

ఊళ్ళో వలయంగా నిలబడి రాత్రంతా ఆడేదాన్ని ఆ బృందాలు నిమిషాలకు కుదించి, ప్రేక్షకుల వైపు తిప్పి నిలబెట్టాయి. ఇవాళ ఇక్కడి పిల్లలు నేర్చే వరసల్లో చాలావాటికి ఆ తిప్పిన రూపమే ఆధారం. వాటిలో కస్సా అనేది గినీలో పొలం పనికి వాయించే వరస. సాళ్ళలో వంగి పనిచేసేవాళ్ళకు ఊపు తగ్గకుండా డోళ్ళు వెంట నడుస్తాయి. ఓక్లాండులో పొలం లేదు, కోత లేదు, వంశపారంపర్యం అసలే లేదు. ఇన్ని వదులుకున్నవాళ్ళు డోలువాణ్ణి మాత్రం వదులుకోలేదు. అదేమీ చవక వ్యవహారం కాదు. నలుగురు వాద్యకారులకు ప్రతి తరగతికీ ఎంతో కొంత ఇవ్వాలి, పిల్లల ఫీజులతో అది నిండదు, కాబట్టి చందాలూ గ్రాంట్లూ వెతుక్కుంటూనే ఉంటారు. రికార్డు పెట్టుకుంటే గొడవ తీరిపోయేది. మేమైతే నగలు, జడ, కుచ్చెళ్ళు, భామాకలాపం దరువులు, జతులు ఏదీ పోకుండా సముద్రం దాటించాం. మృదంగం ఒక్కటే బరువైంది!

తరగతి అయ్యాక పిల్లలంతా డోళ్ళ ముందుకు వెళ్ళి, వంగి నేలను తాకి వాయించినవాళ్ళకు కృతజ్ఞత చెబుతారు. మన పిల్లలూ భూమికి దణ్ణం పెడతారు, గురువుకు పెడతారు. స్పీకరుకు ఏం పెడతాం, ఛార్జింగు తప్ప.

ఈ ముక్కే టీచరుగారితో అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "నాకు తెలీదా అమ్మా, మా మాస్టారి దగ్గర మృదంగం లేని రోజే ఉండేది కాదు. ఇక్కడ తెచ్చేదెవరు?" అన్నారు. తల్లిదండ్రులం కొందరం కలిసి, మృదంగం నేర్చుకుంటున్న కాలేజీ కుర్రాణ్ణి నెలకోసారి పిలిపిస్తున్నాం. కచేరీకి సాధన చేసినవాడు కాబట్టి మొదట్లో తల వంచుకుని తన పాఠం తను వాయించుకుపోయాడు. "బాబూ, పిల్లల కాళ్ళు చూడు నాయనా" అని టీచరుగారు మందలించాక తల ఎత్తాడు. ఇప్పుడు పిల్లలే అతన్ని ఆటపట్టిస్తున్నారు, కావాలని మెల్లగా ఆడి ఆగుతాడో లేదో చూస్తున్నారు. ఇచ్చేది ఎంతో అతనూ అడగడు, మేమూ తేల్చలేదు. పోయిన నెల గ్యాసు డబ్బులు మాత్రం మా ఆయన బలవంతంగా జేబులో పెట్టారు.