జలపాతానికి డూపు ఉండడు!

సినిమాలో జలపాతం కనిపించిందంటే పాట వచ్చి తీరాల్సిందే! హీరోయిన్ తెల్లచీరలో తడుస్తుంది. హీరోగారు బండమీంచి అమాంతం దూకుతారు. మరుక్షణం ఇద్దరూ పొడిబట్టల్లో గడ్డిమీద దొర్లుతుంటారు. ఆ రెండు షాట్లకీ మధ్య యూనిట్ కుర్రాళ్లు తువ్వాళ్లూ, దుప్పట్లూ, వేడి టీ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన సంగతి మాత్రం తెరమీద కనిపించదు.

మన కుర్రకారు ఆ పాటని తలుచుకుని అరకు వెళ్తున్నారు. వెళ్లాలి కూడా! కాకపోతే అక్కడ దుప్పటి పట్టుకుని నించునే వాళ్లెవరూ ఉండరు. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కొత్తవలస–కిరండూల్ లైనులో రైలెక్కితే సొరంగం తర్వాత సొరంగం... చీకటీ వెలుగూ దాగుడుమూతలాడుతుంటాయి. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. శిమిలిగుడ స్టేషన్ చేరేసరికి మీరు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటారు. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలి సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. బీచ్ రోడ్డులో వేసుకున్న చొక్కాతోనే అక్కడ దిగితే ఒళ్లు జిల్లుమనడంలో వింతేముంది?

గాలి సంగతి సరే, నీటి సంగతే వేరు!

గోస్తనీ నదినే చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగునించి ప్రవహించి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలి దగ్గర ఎండకు కాగిన నీళ్లు చూసినవాళ్లు, అదే నది కదా అని కటికి జలపాతం కింద తల పెడితే తేడా తెలిసిపోతుంది. చెట్లనీడన, బండల సందున పారే నీటికి మధ్యాహ్నం ఎండ ఆనదు. గట్టుమీద చెమట పడుతున్నా నీళ్లు తెల్లవారుఝాము చలిని దాచుకునే ఉంటాయి.

నీళ్లు మన ఒంట్లో వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. 25 డిగ్రీలకన్నా చల్లటి నీళ్లలోకి హఠాత్తుగా దిగితేనే ఊపిరి తడబడడం మొదలవుతుంది. 15 డిగ్రీలకి దిగువైతే మరీ ప్రమాదం. దూకగానే గుప్పున ఒక పెద్ద ఊపిరి... అది మన చేతిలో లేదు. ఆ క్షణాన తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు, నీళ్లు. గుండె దడదడలాడుతుంది. కాసేపటికి చేతులూ కాళ్లూ మొద్దుబారతాయి. గజ ఈతగాడైనా సరే, వేళ్లు బండని పట్టుకోనంటాయి.

అంచేత చలినీళ్లలో పడితే మొదట ఈత కొట్టకండి! వెల్లకిలా తేలండి, మూతి పైకి పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఊపిరి సర్దుకున్నాక ఒడ్డుకి రండి.

ఏ కాలానికి ఆ ఆపద

వానాకాలంలో గెడ్డని నమ్మకండి. మీ నెత్తిన చినుకు లేకపోయినా ఎగువ కొండమీద కుంభవృష్టి పడి ఉండవచ్చు. తేటనీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా... కెమెరా మాట మరిచిపోయి గట్టెక్కండి. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి అడవిలోని జలతరంగిణి జలపాతం దగ్గర ముగ్గురు వైద్య విద్యార్థులు అలాంటి వరదకే బలయ్యారు.

కార్తీకంలో వనభోజనాల సందడి. నీళ్లు తేటబడతాయి గానీ బండలకి నాచు పట్టి ఉంటుంది. పాడేరు దారిలో డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి పేరుకు తగ్గట్టు చాప పరిచినట్టే ఉంటుంది. లోతు లేదు కదా అని గంతులేస్తే మాత్రం కాలు జారడం ఒక్క క్షణం పని.

డిసెంబరు, జనవరి సంగతి చెప్పనక్కర్లేదు. కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' (1974) షూటింగ్ జరిగిన చింతపల్లి పక్కనే ఉన్న లంబసింగిలో కొన్ని ఉదయాలు ఉష్ణోగ్రత సున్నా దాకా దిగుతుంది. ఆ రోజుల్లో పొద్దెక్కాకే గెడ్డ దగ్గరికెళ్లండి. ఎండాకాలంలో నీరు తగ్గి మడుగులు మిగులుతాయి. అడుగున బండ ఎక్కడుందో పైకి తెలియదు కనుక తలకిందులుగా దూకడం వద్దు.

ఈ చలినీటి పాఠం మనకి కొండలు దాటినా తప్పదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులమీదికి డ్యామ్ నీళ్లు వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులూ, వెంట వెళ్లిన మరొకరూ పోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీట మునిగారు. అక్కడ ఏప్రిల్ అంటే ఎండ వచ్చే కాలమే, నీళ్లకి మాత్రం ఇంకా శీతాకాలమే! పైచదువులకి వెళ్లే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన మాటిది.

హీరోలూ తాడు కట్టుకున్నారు

'ఆర్ఆర్ఆర్'లో రామ్, భీమ్ వంతెనమీంచి దూకి నదిలోని కుర్రాణ్ణి కాపాడతారు. ఈలలు వేశాం కదా! ఆ సీన్‌లో తాడుందని గమనించారా? ఎవరైనా కొట్టుకుపోతుంటే మీరూ దూకితే శవాలు రెండవుతాయి. తాడో, ముడివేసిన చీరో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి. మంచి పిక్నిక్ సామానులో అన్నం క్యారియరుతోపాటు పాతిక మీటర్ల తాడు కూడా ఉండాలి.

బయటికి తీసినవాడికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కుతూ కూర్చోవద్దు. నోటితో ఊపిరి అందించి, ఛాతీ మధ్యన నొక్కుతూ ఉండండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. కొండల్లో సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు కనుక ఎక్కడ దొరికిందో వచ్చేదారిలోనే చూసుకోండి. తెలివిగానే ఉండి వణుకుతున్నవాడికి తడిబట్టలు తీసి, పొడి దుప్పటి కప్పి, తియ్యటి వేడి టీ ఇవ్వండి. 'చలికి మందు' అని సీసా తీసేవాణ్ణి దూరంగా నెట్టండి. మందు ఒంట్లో వేడిని నిలపదు సరికదా, చర్మంలోకి తెచ్చి బయటికి పోగొడుతుంది.

అన్నట్టు, మనకి సరదా అయిన ఈ గెడ్డలే ఏజెన్సీ వాళ్లకి దారి. వంతెన లేని చోట వాళ్లు సంతకీ, బడికీ, ఆస్పత్రికీ ఈ నీళ్లు దాటుకునే వెళ్లాలి. నీటి రంగు చూసి ఆగాలో, అడుగెయ్యాలో చెప్పగలరు. కాబట్టి నీళ్లలో కాలు పెట్టేముందు పక్క ఊరివాళ్లని ఒక్క మాట అడగండి. వాళ్లు వద్దంటే గట్టుమీదే కూర్చోండి. కాఫీ ఆర్డరివ్వండి. అరకు కాఫీ చాలా బాగుంటుంది!