కష్టం వేరు, అన్యాయం వేరు

బొమ్మలు లేని కంప్యూటర్ గేములు ఉండేవంటే ఇప్పటి తమ్ముళ్లు, చెల్లెళ్లు నమ్మకపోవచ్చు. స్క్రీన్ మీద అన్నీ అక్షరాలే. గుహలో ఉన్నావని అది చెప్తుంది. దీపం తీసుకో, ఉత్తరానికి పో అని మనం ఇంగ్లీషులో టైపు చెయ్యాలి. హాస్టల్లో ఒక అన్న పాత కంప్యూటర్లో ఇవి తెగ ఆడాను.

1981 నాటి 'జోర్క్ 2'లో ఒకచోట ఇరుక్కుపోయాను. అన్నీ ఒకేలాంటి గదులు. నేలలో డైమండ్ ఆకారపు కిటికీలు. అక్కడే ఒక దుడ్డుకర్ర. మూడు రాత్రులు కాగితం మీద మ్యాపు గీశాను. జవాబేంటో తెలుసా? బేస్‌బాల్ ఆటగాడు మైదానం చుట్టూ పరుగెత్తే వరసలో గదుల్లో తిరగాలి! తాటిమట్టతో క్రికెట్ ఆడిన నాకు అదెలా తడుతుంది? అమెరికా పిల్లలకీ అది కష్టమే. కానీ తాళంచెవి వాళ్లింట్లోనే ఉంది, వెతుక్కుంటే చాలు.

1984లో వచ్చిన 'హిచ్‌హైకర్స్ గైడ్'లో ఒక చేపని పట్టాలి. పట్టబోయిన ప్రతిసారీ అది ఎలా తప్పించుకుందో గేమే చెప్తుంది. దాన్నిబట్టి తర్వాతి అడుగు వెయ్యొచ్చు. అంతవరకూ న్యాయం. కానీ చివర్లో అవసరమయ్యే చెత్త ఉత్తరాల కట్టని మొదట్లోనే, భూమి మీదే తీసుకుని ఉండాలి. భూమి పేలిపోయాక వెనక్కి పోలేం. ముందు హెచ్చరికా లేదు. ఇది అన్యాయం.

జవాబు చూశాక 'అరె, తట్టలేదే' అనిపిస్తే అది కష్టం. 'నాకెలా తెలుస్తుంది?' అనిపిస్తే అది అన్యాయం.

ఇంగ్లండుకు చెందిన గ్రాహం నెల్సన్ 1990లలో ఆటగాడి హక్కులంటూ ఒక జాబితా రాశాడు. చెప్పాపెట్టకుండా చంపకూడదు. తిరిగి రాలేని చోట చెప్పకుండా దారి మూసెయ్యకూడదు. సూచనలు అర్థం కావాలంటే అమెరికన్ అయ్యుండాలనే షరతు ఉండకూడదు. ఈ చివరిది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నా సబ్జెక్టు పక్కనపెట్టి, వేసవి సెలవుల్లో ఏ హిల్ స్టేషన్‌కి వెళ్తుంటావని అడిగారు. సెలవులొస్తే మా అమ్మతో కూలికి పోయేవాణ్ణి. బయటికొచ్చాక మెరిట్ లేదన్నారు. అదీ బేస్‌బాల్ పజిలే.

కష్టమైన ప్రశ్న వద్దని మనమెప్పుడూ అనలేదు. మూడు రాత్రులు కాదు, ముప్పై రాత్రులు మేల్కొంటాం. తాళంచెవి మాత్రం ఆటలోనే ఉండాలి, ఎవరో కొందరి ఇళ్లల్లో కాదు. రేపు మీలో చాలామంది లెక్చరర్లవుతారు, ప్రశ్నపత్రాలు తయారుచేస్తారు. అప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.