ఆంబూరులో ఇటలీ టైంటేబిలు

మా ఊరి పేరు చెప్పగానే ఎవరైనా ముందు బిరియాని అంటారు, తర్వాత బూట్లు అంటారు. రెండూ నిజమే. కాని బిరియాని వాసన కంటే ముందు తోళ్ళ వాసన తెలిసిన ఇల్లు మాది. మా నాయన ముప్పై ఏళ్ళకు పైగా ఒక టానరీలో గుమాస్తా. ఎగుమతి కాగితాల మీద విదేశాల చిరునామాలు రాయడం ఆయన పని. వాటిలో ఆయన నాలుకకు పట్టిన పేరు 'సాంతా క్రోచె సుల్ ఆర్నో'. ఫ్లోరెన్సుకు పడమరగా, ఆర్నో నది ఒడ్డున ఉన్న తోళ్ళ ఊరది. మనకు ఆంబూరు, వాణియంబాడి ఎలాగో ఇటలీకి అది అలాగన్నమాట.

వచ్చే మే నెల సెలవుల్లో ఇటలీ చూసొద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నప్పుడు, మొదట ఒక ట్రావెల్ ఏజెన్సీ కాగితం చేతికొచ్చింది. ఎనిమిది రోజుల్లో ఆరు ఊళ్ళు, అంతా బస్సులో! డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళకు అది శిక్షే. "రైల్లో పోదాంరా. జోలార్‌పేట పక్కన పుట్టినోళ్ళం, మనకు రైలు నేర్పించాల్నా?" అన్నాడు నాయన.

ఆ మాటలో గర్వముంది, కారణమూ ఉంది. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వచ్చింది. ఆ దారే తర్వాత మా ఊరి మీదుగా సాగింది. ఇటలీలో మొదటి రైలు 1839లో నేపుల్స్ నుంచి పోర్తిచి దాకా నడిచింది. పదిహేడేళ్ళే కదా తేడా!

ఇక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాం. మొదట తేలిన సంగతి, దిగిన ఊరికే తిరిగి రాకూడదని. రోములో విమానం దిగి మిలానులో ఎక్కితే ఒక రోజూ, ఒక రైలు చార్జీ మిగులుతాయి. రోము నుంచి ఫ్లోరెన్సు వేగం రైల్లో గంటన్నర. అక్కణ్ణించి వెనిసు రెండుంబావు గంటలు. వెనిసు నుంచి మిలాను దాదాపు రెండున్నర. మేము చెన్నై పోవడానికే అంతకన్నా ఎక్కువ సేపు కూర్చుంటాం. ఈ రైళ్ళకు ముందుగా కొంటే టిక్కెట్టు చవక, సీటు నంబరు ఖాయం. ఊరూరా ఆగే రైళ్ళకు ధర ఎప్పుడూ ఒకటే. అయితే కాగితం టిక్కెట్టును ఎక్కేముందు స్టేషనులోని చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా! వెనిసుకు రెండు స్టేషన్లు. మెస్త్రె గట్టు మీద, సాంతా లుచీయా నీళ్ళ మధ్య. తొందరపడి మెస్త్రెలో దిగారో, కనిపించేది మామూలు ఊరే.

ఈ పేర్లు చదువుతుంటే మా అమ్మాయి ఒకటి పట్టుకుంది. "నాన్నా, అన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తున్నాయే!" రోమా, ఫిరెంజె, వెనెత్సియా, మిలానో. తమిళులు 'ఆంబూర్' అని ఆపేస్తే మనం 'ఆంబూరు' అని సాగదీస్తాం గదా. వెనిసు దగ్గరి కియోజ్జాలో పుట్టిన నికొలో కాంటి 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. తెలుగును 'తూర్పు దేశపు ఇటాలియన్' అన్నది ఆయనేనని చెప్పుకుంటారు. ఆయన అన్నాడో లేదో గాని, మా తాతామనవరాళ్ళు మాత్రం ప్లాట్‌ఫారాన్ని 'బినారియో' అనడం అప్పుడే మొదలుపెట్టారు.

అసలు తగవు ఇక్కడొచ్చింది. ఉన్నవి పది రాత్రులు. రోముకు నాలుగు, ఫ్లోరెన్సుకు మూడు, వెనిసుకు రెండు, మిలానుకు ఒకటి. పిల్లలకు పీసా వాలు గోపురం కావాలి. నాకు చిన్నప్పటి నుంచీ పాంపేయి పిచ్చి. నాయన ఏమీ అడగలేదు. అడగకపోవడమే మా ఆవిడకు అనుమానమైంది. "మామా, మీకేం చూడాలనుంది?" అంది.

"సాంతా క్రోచె. ఆడ అన్ని టానరీలుండాయే, ఏట్లో నీళ్ళు ఎట్లుండాయో చూడాల."

ఎవరమూ మాట్లాడలేదు. నాయన చిన్నతనంలో పాలారు ఇసుకలో చెలమ తవ్వి కడవ నింపుకొచ్చేవారట. నా చిన్నతనానికి ఆ నీళ్ళు నోట పెట్టేలా లేవు. ఈ టానరీల మీదనే 1996లో సుప్రీంకోర్టు పెద్ద తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవాళ్ళే ఖర్చు భరించాలంది. ఆ టానరీ జీతంతోనే నేను చదువుకున్నాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆర్నో కూడా పాడైన నదే. అక్కడ మురుగంతా ఒకచోట చేర్చి శుద్ధి చేసే పెద్ద కేంద్రం కట్టుకున్నారు. దాన్ని కాగితాల్లో చదివితే చాలదు ఆయనకు.

పటం తీశాను. ఫ్లోరెన్సు నుంచి పీసా పోయే దారిలోనే సాన్ మినియాతో-ఫుచెక్కియో అనే స్టేషనుంది. అక్కడ దిగితే సాంతా క్రోచె కొద్ది దూరమే. పొద్దున తాత కోసం, మధ్యాహ్నం మనవల కోసం, ఒకే దారి! పాంపేయి మీద నేనే గీత కొట్టాను. కష్టంగానే కొట్టాను.

మిగిలినవి ఆడవాళ్ళ లెక్కలు అంటే మా ఆవిడ ఒప్పుకోదు గాని, అంతా ఆమే చూసింది. వీసాకు ముప్పై వేల యూరోల బీమా ఉండాలి. ఉఫీజి మ్యూజియం సోమవారం మూత. ఐరోపాలోకి పాల సరుకు తీసుకుపోకూడదు కాబట్టి నెయ్యి సీసా కుదరదు, కందిపొడికి నూనే గతి. వంటిల్లున్న బస వెతికింది.

పోయిన ఆదివారం ఒక పరీక్ష పెట్టుకున్నాం. మనిషికొక పెట్టె పట్టుకుని ఆంబూరులో రైలెక్కి కాట్పాడిలో దిగాం. గుడియాత్తం స్టేషనులో మా మేనత్త, ఇదేమి పిచ్చిరా అంటూనే, కిటికీలోంచి పులిహోర పొట్లం అందించింది. కాట్పాడి వంతెన మెట్ల మీద నాయన రెండుసార్లు ఆగాడు. వెనిసులో నాలుగు వందలకు పైగా వంతెనలు! తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఆయనే తేల్చాడు: "నా పెట్టెలో సగం తీసేయండి. రెండు పంచెలు, రెండు చొక్కాలు చాలు. ఒక కాళీ సీసా మాత్రం పెట్టండి."

"సీసా ఎందుకు తాతా?" అంది అమ్మాయి.

"ఏట్లో ముంచి, ఎలుతురుకు పెట్టి చూస్తా" అన్నాడు.