పేట వైపు పెంకుటిల్లు

జగ్గయ్యపేట నుంచి నందిగామకు హైవే మీద పోతే ఏం కనిపిస్తుందండీ, దాబాలూ పెట్రోలు బంకులూ తప్ప! ఏదో ఒక ఊళ్లోకి బండి తిప్పండి. ఇంకా పడిపోని రైతు పెంకుటిల్లు ఒకటైనా దొరక్కపోదు. వసారాలో కూర్చుంటే మే నెల్లోనూ ఒంటికి చల్లగా తగిలేది నాపరాయి.

కోనసీమ మండువా లోగిళ్ల సోకులు వీటికి లేవు. మూరన్నర మందం గోడలు, పైన అటక, వెనక గొడ్ల కొట్టం, కుడితి తొట్టి, అంతే. డబ్బంతా పునాదికే పోసేవారు. నల్లరేగడి కదా! ఎండలకు చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చి, వానలకు ఉబ్బుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వకపోతే గోడ బీటలే.

సున్నపురాయికి మాత్రం కరువు లేదు. పలకలుగా చీలిస్తే నేలకు, బట్టీలో కాలిస్తే సున్నం. దాన్ని ఇసుకతో కలిపి, ఎద్దుల గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసేవారు కలిగినవాళ్లు. పేట పక్కన ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపానిదీ సున్నపురాయే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే పనివాడు అక్కడ స్తంభాలు నిలిపి, తన పేరూ ఊరూ చెక్కించుకున్నాడు. మన ఇళ్లు కట్టిన మేస్త్రీలకు ఆ యోగం లేకపోయింది.

వాకిట్లో ఓ మూల బండ కనిపిస్తే అడగండి, జొన్న పాతర అయ్యుంటుంది. గోతిలో గడ్డి పరిచి, గింజ పోసి, పైన మన్ను కప్పేవారు. తీసేరోజు పిల్లల్ని దూరంగా తరిమి, ముందు దీపం దించేవారు. ఆరిపోతే లోపల ఊపిరాడదని లెక్క. దీపం నిలిచేదాకా మనిషి దిగేవాడు కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ ఇటు అందాక వరి వచ్చింది, పాతరలు పూడాయి.

ఇప్పుడా సున్నపురాయి జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల్లో సిమెంటవుతోంది. శ్లాబు ఇళ్లు కట్టుకోండి, కాదనను. పాత గోడకు మాత్రం సిమెంటు పూయించకండి బాబూ! లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులూడిపోతుంది. సున్నం దొరకట్లేదంటారా? ఇంత సున్నపురాయి మీద కూర్చుని ఆ మాట అనకూడదండీ.