తెర ఎంతుంటే ఏంటి?

"ఈ పేజీ ఏయే స్క్రీన్ సైజులకి చెయ్యాలండీ?"

కొత్త ప్రాజెక్టు మొదటి మీటింగులో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఎవరో ఒకరు ఫోన్‌కి 360, ట్యాబ్లెట్‌కి 768, ల్యాప్‌టాప్‌కి 1366 అని జాబితా చదువుతారు, మిగతావాళ్ళం తలూపుతాం. నాకు మాత్రం రెడీమేడ్ షాపులో స్మాల్, మీడియం, లార్జ్ చొక్కాలు గుర్తొస్తాయి. మధ్య సైజు ఒళ్ళున్నవాళ్ళ సంగతేంటి? మడతపెట్టే ఫోన్లొచ్చాయి. ఒకే మానిటర్లో సగం ఎక్సెల్‌కీ సగం బ్రౌజర్‌కీ ఇచ్చి పనిచేసే మేనేజర్లున్నారు. వీళ్ళెవరూ ఆ జాబితాలో లేరు.

సీనియర్లు చెప్పే పాత కథలు వింటే నవ్వొస్తుంది గానీ, పాపం వాళ్ళకి వేరే దారి లేదు. మొదట్లో పట్టికల కోసం పుట్టిన టేబుల్ ట్యాగుతో పేజీ మొత్తం కట్టేవాళ్ళట. ఖాళీ జాగా కావాలంటే కంటికి కనబడని ఒక పిక్సెల్ బొమ్మ పెట్టి సాగదీసేవాళ్ళు. ఆ తర్వాత ఫ్లోట్. అది బొమ్మ పక్కనుంచి అక్షరాలు పారడానికి తెచ్చినది, దాంతో మూడు నిలువు వరసలు నిలబెట్టి, కింద కూలిపోకుండా క్లియర్‌ఫిక్స్ అని ఓ అతుకు వేసేవాళ్ళు. 2010 మేలో ఈథన్ మార్కాట్ 'ఎ లిస్ట్ అపార్ట్'లో రాసిన వ్యాసంతో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు వచ్చింది. ఆయన చెప్పినవి మూడు: సాగే గ్రిడ్లు, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు. మనవాళ్ళు మొదటి రెండూ పక్కనపెట్టి మూడోదాన్ని పట్టుకు వేళ్ళాడారు. అందుకే ఇప్పటికీ ఆ 768.

నా మటుకు నేను లెక్క తిరగేసి చూస్తాను. తెర ఎంతుందని కాదు, లోపలున్న సరుక్కి కనీసం ఎంత జాగా కావాలి అని. ఉత్పత్తుల కార్డులున్నాయనుకోండి. ఒక్కో కార్డు 16 రెమ్‌లకన్నా ఇరుకైతే బాగోదు. గ్రిడ్‌లో ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ వాడి ఆ సంగతొక్కటీ చెప్తే చాలు, వరసకి ఎన్ని పడతాయో బ్రౌజరే చూసుకుంటుంది. ఒక్క మీడియా క్వెరీ అక్కర్లేదు. కాకపోతే ఇందులో ఓ తిరకాసుంది. రెమ్ అనేది మూల అక్షరం సైజుని బట్టి మారుతుంది. మామూలుగా 16 పిక్సెల్స్ కాబట్టి కార్డు 256 అవుతుంది. ఎవరైనా బ్రౌజర్లో అక్షరాల సైజు రెట్టింపు చేసుకుంటే అదే కార్డు 512. 360 వెడల్పు తెరలో పక్కకి పొంగిపోతుంది. అందుకని మిన్ ఫంక్షన్‌తో "16 రెమ్‌లు గానీ నూటికి నూరు శాతం గానీ, ఏది తక్కువైతే అది" అని రాయాలి. ఈ చిన్న ముక్క చాలామంది వదిలేస్తారు.

ఫ్లెక్స్ వాడాలా గ్రిడ్ వాడాలా అన్నదానికి పెద్ద వాదనే అక్కర్లేదు. బటన్ల వరసో, మెనూనో, ఒకే దిశలో సర్దుకోవాల్సినదైతే ఫ్లెక్స్, ర్యాప్ పెట్టి వదిలెయ్యండి. అడ్డం నిలువు రెండూ కలవాలంటే గ్రిడ్. 2017 మార్చి ఒక్క నెలలోనే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడింట్లోకీ వచ్చేసింది కాబట్టి "సపోర్టు లేదేమో" అనే సాకు చెల్లదు.

అసలు తంటా తెలుగు పెట్టినప్పుడు మొదలవుతుంది. డిజైన్ అంతా ఇంగ్లీషులో గీస్తారు. 'సబ్మిట్' అని ఆరక్షరాల ఇంగ్లీషు మాటకి కొలిచి కట్టిన పెట్టెలో 'సమర్పించండి' కూర్చోదు. ఎత్తు కూడా పిక్సెల్స్‌లో బిగిస్తే 'రాష్ట్రం' కింద వత్తులు కత్తిరించినట్టు తెగిపోతాయి. లైన్ హైట్ 1.2 పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. నేను 1.6కి తగ్గను. ఇక మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని బారెడవుతాయి కదా, ఫ్లెక్స్‌లో పెట్టినవి ఎంత చెప్పినా కుంచించుకోవు. కారణమేంటంటే ఫ్లెక్స్ ఐటెమ్‌కి కనీస వెడల్పు ఆటో అని ఉంటుంది, అంటే తనలోని విడదీయరాని పెద్ద మాటకన్నా చిన్నది కాదు. దాన్ని సున్నా చేసి, ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఇస్తే దారికొస్తుంది.

ఇదంతా అందం గోల అనుకునేవాళ్ళకోసం ఒక ముచ్చట. మా పెదనాన్నకి డెబ్భై దాటాయి. ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకుంటేగానీ చదవలేరు. ఓ ఆసుపత్రి పేజీలో అపాయింట్‌మెంట్ కోసం పేరు, వయసు, సమస్య అన్నీ ఓపిగ్గా కొట్టారు. చివర నొక్కాల్సిన బటనే లేదు. పేజీ ఎత్తు 100 వీహెచ్ అని బిగించి, స్క్రోల్ ఆపేశారు. ఫోన్లో పైన అడ్రస్ బార్ ఉన్నంతసేపూ ఆ కొలత కనబడే జాగాకన్నా ఎక్కువ. పైగా అక్షరాలు పెరిగి అన్నీ కిందికి జరిగాయి. బటన్ తెర కింద ఎక్కడో ఉంది. చేతులతో జూమ్ చేద్దామంటే అదీ కుదరకుండా చేశారు. ఆయన "నాకే రావట్లేదురా" అనుకుని ఫోన్ పక్కన పెట్టేసి, మర్నాడు బస్సెక్కి వెళ్ళి లైన్లో నుంచున్నారు. నాకు ఒళ్ళు మండింది ఆ మాటకే. తప్పు కట్టినవాళ్ళదైతే, చేతకానితనం ఆయన నెత్తినేసుకున్నారు. స్క్రోల్ వదిలేసి, 2022లో బ్రౌజర్లలోకి వచ్చిన డీవీహెచ్ కొలత వాడుంటే ఆ బటన్ దొరికేది.

డబ్ల్యూసీఏజీ 2.1 నియమాల్లో 2018లోనే చేర్చారు: 320 పిక్సెల్స్ వెడల్పులో కూడా రెండువైపులా స్క్రోల్ చెయ్యకుండా చదవగలగాలని. అంటే 1280 మానిటర్లో 400 శాతం జూమ్ చేసినట్టు. అందుకే నేను పరికరాల జాబితా పెట్టుకోను. బ్రౌజర్ అంచు పట్టుకుని నెమ్మదిగా 320 దాకా లాగుతాను, ఎక్కడ విరుగుతుందో చూస్తాను. ఆ పైన జూమ్ 400 చేస్తాను. తర్వాత ఇంగ్లీషు తీసేసి తెలుగు పోస్తాను. అప్పుడు బయటపడేవే ఎక్కువ :)

"అయితే మీడియా క్వెరీలు అసలొద్దంటావా?" అన్నాడు మొన్న పక్క సీటాయన. ఎందుకొద్దు, పేజీ మొత్తం చట్రం మారాల్సిన చోట, ప్రింట్ తీసేటప్పుడు కావాలి. కార్డు ఒక్కటే మారాలంటే మాత్రం కంటైనర్ క్వెరీలున్నాయి. తెరని కాదు, తనున్న పెట్టెని చూసుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ 110తో ఆ లోటూ తీరింది. ఆయన "ట్రై చేస్తా" అన్నాడు గానీ, నిన్న చేసిన కమిట్‌లో మళ్ళీ 768 కనబడింది.