కాలి పట్టు

నేలమీద కూర్చుని పనిచేసే వడ్రంగిని చూసేటప్పుడు మన కళ్లు ఆయన చేతులమీదే ఉంటాయి. ఉలి, సుత్తి, రంపం అన్నీ చేతుల్లోనే ఉంటాయి కాబట్టి నేర్పంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఒకసారి చూపు కిందికి దించి పాదాలు ఏం చేస్తున్నాయో గమనించాలి. కోతకు పెట్టిన చెక్కను ఎడమ పాదం మొద్దుకేసి అదిమి ఉంచుతుంది. సన్నటి ముక్కను చెక్కాల్సి వస్తే రెండు అరికాళ్లూ ఎదురెదురుగా వచ్చి దాన్ని మధ్యలో బిగిస్తాయి. ఉలి అంచుకు రెండంగుళాల దూరంలో బొటనవేలు ఉంటుంది, ముక్కను ఎటు తిప్పాలో అటు తిప్పుతుంది. పొడవాటి పలకకు చిత్రిక పట్టేటప్పుడు దాని కొస నేలలో దిగ్గొట్టిన మేకుకో గోడకో ఆనుతుంది. పెద్ద చిత్రికైతే ఎదురుగా కూర్చున్న సహాయకుడు తాడు పట్టి లాగుతాడు. అంటే ఆయన శరీరంలో సగం పనిముట్లను నడుపుతుంటే మిగతా సగం చెక్కను కదలకుండా పట్టుకుంటోంది. ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టే మనిషి కట్టుకోవలసిన పనిబల్ల గురించి నేను చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది. చెక్కను బిగించిపట్టే వైస్‌లున్న ఆ బరువైన బల్ల పాశ్చాత్య ఫర్నిచర్ ముక్క అనుకుని దాని బొమ్మ చూసి కొలతలు ఎత్తి రాసుకుంటే మనకు పూర్తిగా పనికిరాదు. మన వడ్రంగి పాదాలు చేసే పనులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వాటిలో ప్రతిదాన్నీ బల్లలో ఏ భాగానికి అప్పజెప్పాలో ఆలోచించి కట్టుకుంటే పనికొస్తుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలిసిందే. తరతరాలుగా మనవాళ్లు బల్ల లేకుండానే బండిచక్రాలు చేశారు, నాగళ్లు చేశారు, గుడి రథాలు చేశారు, ఇప్పుడీ పరాయి సామాను దేనికి? నేలమీద కూర్చుని పనిచేయడం వెనకబాటుతనమని వలసకాలపు దొరలు రాసిన రాతలకు జవాబుగా ఈ మాట పుట్టింది కాబట్టి అందులో న్యాయం ఉంది. పైగా వైస్ మన ప్రాంతానికి కర్ఖానాల వెంట, బడుల వెంట వచ్చిన వస్తువు. లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాపు 1893లో మొదలైంది. ఇంజనీరింగ్ చదివిన తెలుగువాళ్లకు ఇప్పటికీ మొదటి సంవత్సరం వర్క్‌షాపులోనే వైస్‌తో పరిచయం. టీ-ల్యాప్ జాయింటో డవ్‌టెయిలో చేసి, మార్కులు వేయించుకుని, దాన్ని అక్కడే వదిలేసి వస్తారు. అందుకే అది మనది కాదన్న భావన గట్టిపడింది. అయితే బల్ల చరిత్రను ఇంకాస్త వెనక్కి తిప్పితే నేలకూ బల్లకూ మధ్య అంత దూరం కనిపించదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన హెర్క్యులేనియంలో వడ్రంగి పని చూపించే కుడ్యచిత్రం ఒకటి దొరికింది. అందులోని బల్ల మోకాలెత్తు కూడా ఉండదు. రోమన్ల కాలం బల్లలు అలాంటివే. చెక్కమీద మనిషే కూర్చోవచ్చు, మోకాలితో అదమవచ్చు. మర తిప్పి బిగించే వైస్ బొమ్మలు నూరెంబర్గ్‌లో 1505 నాటి లోఫెల్‌హోల్ట్స్ రాతప్రతిలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఆంద్రె-జాకబ్ రూబో 1769 నుంచి అచ్చువేసిన వడ్రంగపు గ్రంథంలో ఐదారంగుళాల మందమున్న, నిలబడి పనిచేసే బల్లను గీసి చూపించాడు. ఇవాళ సంప్రదాయ బల్ల అంటే అందరూ తలచుకునేది దాన్నే. అంటే యూరప్ వడ్రంగి కూడా మొదట ఒంటితోనే పట్టాడు. ఒళ్లు నిటారుగా లేచేకొద్దీ ఆ పట్టును ఇనుముకూ కొయ్యకూ అప్పగిస్తూ వచ్చాడు.

ఇక నేలమీదే కూర్చుంటే పోదా అంటే, చిన్నప్పటినుంచి ఆ పనిలో ఉన్నవాళ్లకు అది చాలు. అలాంటి మనిషిని లేచి నిలబడమని చెప్పే అర్హత ఎవరికీ లేదు. నేను మాట్లాడుతున్నది వేరే మనిషి గురించి. చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వైపు వెళ్తే వచ్చే జల్‌పల్లిలో, నూట యాభై గజాల ఇంట్లో ఉంటాడు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చాక ఆ చుట్టుపక్కల గోదాముల్లోనో ఆఫీసుల్లోనో కుర్చీ ఉద్యోగం చేసుకుంటూ, నలభయ్యో ఏట ఉలి పట్టుకోవాలనుకుంటాడు. ఆయన గంటసేపు గొంతుక్కూర్చోలేడు. మడమ నేలకు ఆనదు, తుంటి వంగదు, అరికాలి పట్టు ఏనాడో పోయింది. తాడు లాగే సహాయకుడూ లేడు. పట్టులేని పాదం పక్కన కొత్తగా నూరిన ఉలి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. చెక్క ఒక్క వెంట్రుకవాసి జారినా మొదట తెగేది ఆ బొటనవేలే. నేర్చుకునేవాడి చేతులకు ఓర్పు నేర్పాలంటే ముందు చెక్క కదలకుండా ఉండాలి. చెక్క కదిలితే తప్పు తన చేతిదో చెక్కదో తేల్చుకోలేక నెలల తరబడి అక్కడే ఆగిపోతాడు. అందుకే మంచి ఉలుల సెట్టు కొనేముందు బల్ల కట్టుకోవాలంటాను.

నేల వడ్రంగికి ఇచ్చేది మొదట బరువు. భూమి కదలదు. అంతకన్నా బరువైన బల్ల ఎవరూ కట్టలేరు, పైగా అది ఉచితం. దాన్ని వదులుకుని నిలబడుతున్నాం కాబట్టి ఆ బరువులో కొంతైనా తిరిగి తెచ్చుకోవాలి. ఆరడుగుల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం పలక, నాలుగంగుళాల చదరపు కాళ్లు నాలుగు, కింద అడ్డపట్టీలు, అన్నీ కలిపితే అయిదు సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కలప. వేప అయితే దగ్గర దగ్గర వంద కిలోలు తూగుతుంది. కింది పట్టీలమీద చెక్కల అర బదులు రెండడుగులకు నాలుగడుగుల షాబాద్ బండ, అంగుళం మందంది, పరిస్తే ఇంకో యాభై కిలోలు కలుస్తాయి. మన దగ్గర ఇంత చవకగా దొరికే బరువు ఇంకొకటి లేదు. చిత్రికను ఎంత గట్టిగా నెట్టినా నూట యాభై కిలోల బల్ల ఉలకదు. టేకే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. ఎండకీ వానకీ చెదలకీ ఓర్చుకోవడం టేకు గొప్పతనం, ఇంట్లో నీడపట్టున ఉండే బల్లకు ఆ గుణం కోసం అంత డబ్బు పెట్టడం దండగ. వేప, తుమ్మ, చింత ఏదైనా సరే, గట్టిగా బరువుగా ఉంటే చాలు. మే నెల గాలిదుమారాలకు కూలిన వేపమాను కోత మిషన్‌కు చేరితే దాన్నే పలకలుగా కోయించుకుని, నీడలో పేర్చి, మధ్యమధ్య పుల్లలు పెట్టి ఆరబెట్టుకోవచ్చు. మడతపెట్టే రెడీమేడ్ బల్ల చవకే కదా అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ కోవలో అన్నిటికన్నా పేరు పొందినది 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెక్కర్ తెచ్చిన వర్క్‌మేట్. రాన్ హిక్‌మన్ దాన్ని చాలా తెలివిగా చేశాడు, అడుగున కాలు పెట్టి తొక్కిపట్టడానికి ఒక మెట్టు కూడా ఇచ్చాడు. తేలికైన బల్ల చివరికి మళ్లీ మన పాదాన్నే అడిగిందన్నమాట!

బరువు కుదిరాక పట్టు. అదిమిపట్టే పాదానికి బదులు బల్ల పైపలకలో ముప్పాతిక అంగుళం బెజ్జం వేసి, దానికన్నా కాస్త సన్నటి సాదా ఇనుపకడ్డీని కమ్మరి దగ్గర కొక్కెంలా వంచించి తెచ్చుకుంటే సరిపోతుంది. కొక్కెం తలమీద ఒక్క దెబ్బ కొడితే కడ్డీ బెజ్జంలో ఏటవాలుగా ఇరుక్కుని కిందున్న చెక్కను అదిమేస్తుంది, వెనకనుంచి తడితే వదిలేస్తుంది. నేలలో దిగ్గొట్టిన మేకుకు బదులు పలకలోంచి పైకీ కిందికీ జరిగే కొయ్యముక్క ఒకటి. చిత్రిక పట్టే పలక దానికి ఆనుతుంది. ఈ రెండింటికీ ఖర్చు దాదాపు లేనట్టే, పనిలో సగానికి పైగా వీటితోనే జరిగిపోతుంది. రెండు అరికాళ్ల బిగింపు ఒక్కటే మిగిలింది. వైస్ కావలసింది దానికే. బల్ల కాలికి ఎదురుగా ఇంకో కొయ్యను నిలువుగా నిలబెట్టి, మధ్యలో మర పెట్టి బిగించే కాలి వైస్‌ను నేను ఎన్నుకుంటాను. పేరులోనే కాలు ఉంది, పని కూడా కాలిదే.

ఆ మర ఎక్కడినుంచి తేవాలన్నది నిజమైన ప్రశ్న. రాణీగంజ్‌లో కొనుక్కునే ఇనుప వైస్ బాగానే పనిచేస్తుంది, కొనగలిగినవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అయితే ఎటు చూసినా స్లాబులు లేస్తున్న ఈ శివారులో అంతకన్నా చేరువగా ఒక వస్తువు ఉంది. సెంట్రింగ్ జాకీ. స్లాబు కింద బరువు మోస్తూ నిలబడే లావుపాటి మరకడ్డీ, దాని బొడ్డుచుట్టూ చెవులున్న నట్టు. పాతబడినవి తుక్కు కింద అమ్ముతారు. నట్టును బల్లకాలి వెనక బిగించి, కడ్డీ తలకు అడ్డంగా నలభై సెంటీమీటర్ల పిడి దూర్చితే వైస్‌కు మర తయారు. లెక్క చూడండి. పిడి కొస ఒక చుట్టు తిరిగితే దాదాపు 125 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. ఆ చుట్టుకు మర ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకు వెళ్తుందనుకుంటే చేతి బలం నూట యాభై రెట్లు దాటాలి. రాపిడికి మూడొంతులు పోయినా, మర కొయ్య నడుమన ఉండటంవల్ల పైన పట్టేచోటికి మూడింట రెండొంతులే చేరినా, పిడిమీద పది కిలోల ఒత్తిడి చెక్కమీద రెండున్నర వందల కిలోలై కూర్చుంటుంది. ఏ పాదానికీ అంత బలం లేదు.

ఈ వైస్‌లో ఒక చిన్న భాగాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే చాలామంది అక్కడే విసుగెత్తి వదిలేస్తారు. నిలువుకొయ్య అడుగున ఒక పట్టీ బిగించి ఉంటుంది. అది బల్లకాలిలోని బెజ్జంగుండా వెనక్కి వెళ్తుంది, దానికి వరసగా రంధ్రాలుంటాయి. అంగుళం మందం చెక్కను పట్టేటప్పుడు అంగుళం దగ్గరి రంధ్రంలో మేకు గుచ్చాలి. మేకు లేకుండా బిగిస్తే కొయ్య అడుగు లోపలికి పోయి, పైన నోరు తెరుచుకుని, చెక్క జారిపోతుంది. మేకు సరైన రంధ్రంలో ఉంటే అడుగున ఆ మేకు బల్లకాలికి తట్టి ఆగుతుంది, బలమంతా పైకి మళ్లి కొయ్య పై అంచు చెక్కను వెడల్పంతా అంటి పట్టుకుంటుంది. నేలమీద వడ్రంగి చెక్క మందాన్ని బట్టి మడమను అటో ఇటో జరుపుకుంటాడే, ఆ జరుపుడే ఇది. ఆయన ఆలోచించకుండా చేస్తాడు, ఇక్కడ ప్రతిసారీ వంగి మేకు మార్చాలి. ఇది ఈ వైస్ లోపమేనని ఒప్పుకుంటాను. కొన్నాళ్లకు కాలివేలితోనే మేకును నెట్టడం అలవాటవుతుంది. రెండో వైస్, అంటే బల్ల చివర పెట్టేది, మొదట్లో అక్కర్లేదు. అడ్డం పెట్టిన కొయ్యముక్కా కొక్కెమూ ఆ పనిని చాలావరకు చేసేస్తాయి.

దక్కన్ వాతావరణాన్ని మాత్రం ఏ పాత ఫ్రెంచి పుస్తకమూ మన తరఫున లెక్కలోకి తీసుకోదు. మేలో చెక్క ఎండి కుంచించుకుంటుంది, ఆగస్టులో తేమ తాగి ఉబ్బుతుంది. రెండడుగుల వెడల్పు పలక ఈ రెండు నెలల మధ్య సెంటీమీటరుకు అటూఇటూగా మారగలదు. అందుకని పలకను అడ్డపట్టీలకు రెండు వైపులా మేకులు కొట్టి బంధించకూడదు, బంధిస్తే ఏదో ఒక వేసవిలో మధ్యలో చీలుతుంది. ముందుకాళ్ల కుసులు పలక బెజ్జాల్లో బిగుతుగా కూర్చోవాలి, వెనకవైపు చెక్క కదలడానికి కాస్త చోటు ఉండాలి. పలకను రెండు ముక్కలుగా చేసి మధ్య వేలెడు సందు వదలడం ఇంకా మంచిది. ఆ సందులో ఉలులూ మూలమట్టమూ నిలబెట్టుకోవచ్చు.

ఇంత కలప ఎక్కడ తెస్తామనేవాళ్లకు విమానాశ్రయం పక్కనుండటమే ఒక జవాబు. విదేశాలనుంచి సరుకు మోసుకొచ్చే చెక్కపెట్టెలు, ప్యాలెట్లు తరవాత తుక్కుగా అమ్ముడవుతాయి, ఎక్కువ భాగం పైన్. పురుగు దేశాలు దాటకుండా ఆ చెక్కను లోపలి గుండె దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలన్నది అంతర్జాతీయ నియమం. అలా కాచిన చెక్కమీద హెచ్‌టీ అని ముద్ర ఉంటుంది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినదని అర్థం, దాన్ని ఇంట్లోకి తేవద్దు. మేకులన్నీ లాగేసి, పట్టీలను నిలువుగా పక్కపక్కన పెట్టి ఫెవికాల్‌తో అతికిస్తే నాలుగంగుళాల పలకవుతుంది. వేపకన్నా తేలిక, కాస్త మెత్తన. కింద షాబాద్ బండ ఒకటికి రెండు వేసుకుంటే సరి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇవాళ వడ్రంగమంటే ప్లైవుడ్డూ, ఎండీఎఫ్ షీట్లూ, కరెంటు రంపమూ, గన్నుతో కొట్టే మేకులూ. దీనికి అడ్డంపడను. షీట్లు కోసి కప్‌బోర్డులు కట్టడమే ఉద్దేశమైతే ఈ బల్ల చోటు దండగ, రెండు కొయ్యగుర్రాలమీద షీటు పరుచుకుంటే పని జరిగిపోతుంది. కుసీ బెజ్జమూ చెక్కి ఒక పీట, ఒక తలుపు, ఒక కుర్చీ చేయాలనుకున్నప్పుడే నేను చెప్పిందంతా. పొరుగిల్లు ఆనుకుని ఉన్నచోట రంపం మిషన్ మోతకన్నా చిత్రిక చప్పుడే నయమన్నది కూడా ఆ మనిషికి చిన్న విషయం కాదు. పొద్దుపోయాక కూడా పని సాగించుకోవచ్చు.

బల్లమీద పట్టని పనులు కొన్ని ఎటూ మిగిలే ఉంటాయి. ఏడడుగుల దర్వాజా కమ్మిని ఆరడుగుల బల్లమీద బిగించి కొసన బెజ్జం కొట్టాలంటే అది తూగుతుంది. దాన్ని ఇంటిముందు నేలమీద పడుకోబెట్టి, కింద రెండు మొద్దులు పెట్టి, పక్కనే కూర్చుని కొట్టుకోవడమే సులువు. అప్పుడు దాన్ని పట్టుకునేది మళ్లీ ఎడమ పాదమే.